మూడో పిలుపు

జహీరాబాద్

అక్కకి నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. ముందు ఆ మాట రాసేస్తే నీ గుండె కుదుటపడుతుంది. బావగారూ, మీ అత్తగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అత్తగారి మోకాళ్ల నొప్పి తగ్గిందో లేదో రాయి.

పోయిన వారం ఫోన్ ఎత్తలేదని నువ్వు అలిగావట, బావగారు మెసేజ్ పెట్టారు. నువ్వేమో రెండుసార్లు రింగిచ్చి వదిలేస్తావు, మూడోసారి చెయ్యవు. చిన్నప్పటినుంచీ అంతే. ఎందుకు ఎత్తలేదో ఫోన్‌లో చెప్పబోతే నాకు ఏడుపొస్తుంది, నువ్వు "తర్వాతేమైంది, తర్వాతేమైంది" అని ప్రాణం తీస్తావు. అందుకే రాస్తున్నాను. అమ్మకి మాత్రం చెప్పకు.

ఇక్కడికొచ్చి ఎనిమిది నెలలు. మన పాలకొండలో ఎరగని చలి. స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని డ్యూటీకి పోతున్నాను. జొన్నరొట్టె చెయ్యడం వచ్చింది, గుండ్రంగా మాత్రం రాదు. ఒక్కదాన్నే కూర్చుని తినడమే ఇంకా అలవాటు కాలేదు.

ఆస్పత్రి కౌంటర్లో నా పని నీకు పూర్తిగా చెప్పలేదు. చీటీలు రాసి, ఫైళ్లు వరసగా పెట్టి, డాక్టరుగారు గంట కొట్టగానే తర్వాతి పేరు పిలవాలి. రెండుసార్లు హాల్లో నోటితో పిలుస్తాను. పలక్కపోతే మూడోసారి మైకులో. అది బయట రేకుల షెడ్డు దాకా వినపడుతుంది. దానికీ పలక్కపోతే ఫైలు అడుక్కి పోతుంది. రాయికోడ్ నుంచీ న్యాల్‌కల్ నుంచీ వచ్చినవాళ్లు షెడ్డు కింద రొట్టె మూట విప్పుకుని ఆ మైకు కోసమే చూస్తుంటారు.

నేను అద్దెకుంటున్న ఇంటావిడ ఖైరున్నీసా బేగం. నేను ఖాలా అంటాను, వాళ్ల భాషలో పిన్ని అని. భర్త పోయి నాలుగేళ్లు, ఒక్కగానొక్క కూతురు షబానాది బీదర్‌లో కాపురం. సాయంత్రం ఖాలా నమాజు ముగించి లేవగానే ఇద్దరం టీవీలో కొరియా సీరియల్ పెడతాం. నవ్వకు. తెలుగులో మాట్లాడిస్తారు. అందులో ఒక మృత్యుదూత ఉంటాడు. మన యమభటుడి లాంటివాడే, కాకపోతే ఇస్త్రీ చొక్కా, పెళ్లికొడుకు మొహం. పులుసు హోటలు నడిపే ఒక అమ్మాయి ఇంటి మేడ మీద గది అద్దెకు తీసుకుంటాడు. వాడి దగ్గర పేర్ల జాబితా ఉంటుంది. ఎవరి పేరు మూడుసార్లు పిలిస్తే వాళ్లు లేచి వాడి వెంట వెళ్లిపోవాలి. ఆ అమ్మాయిని రెండుసార్లు పిలిచి, ప్రేమలో పడి, మూడోసారి పిలవలేక వారాల తరబడి మమ్మల్ని ఏడిపిస్తున్నాడు. ఖాలా వాణ్ణి తిడుతూనే వాడి కోసం కళ్లు తుడుచుకుంటుంది.

మనింట్లో దీనికి తలకిందులు కదా అక్కా. దయ్యం రెండుసార్లే పిలవగలదు, మూడోసారి పిలిచేది మనిషే, దానికే పలకాలి అనేది అమ్మ. నాన్న వానలో గేటు దగ్గర తడుస్తూ మూడుసార్లు అరిచేవారు, గుర్తుందా? ఆ మాట చెబితే ఖాలా పడీపడీ నవ్వింది. "మా అమ్మీ గూడ గట్లనే చెప్పేది" అంది.

నువ్వు ఫోన్ చేసిన ముందురోజు, ఆదివారం భాగంలో వాడు ఆ అమ్మాయి నాయనమ్మను పిలిచాడు. ముసలావిడ బఠానీలు ఒలుచుకుంటోంది. మూడో పిలుపుకి గిన్నెలో చెయ్యి అలాగే ఆగిపోయింది. నేను శాలువా మొహం దాకా లాక్కున్నాను. ఖాలా నా వైపు చూసి నవ్వి, "నువ్వు గూడ మా ఇంట్ల కిరాయికే ఉన్నవ్. నీ చేతుల గూడ పేర్ల లిస్టు ఉంటది. రేపు దవాఖానల నన్ను జర సంభాలించి, చూసుకోని పిలువు బిడ్డా" అంది.

మర్నాడు ఆవిడ మా ఆస్పత్రికి రావాలి. రెండు రోజులుగా ఛాతీలో మంట, ఎడమ భుజం లాగుతోంది. "గ్యాసు, గంతే. ఫికర్ చెయ్యకు" అంటుంటే నేనే పోరుపెట్టి ఒప్పించాను. తీరా వచ్చాక "నన్ను ముంగట వెట్టకు. లైన్ల ఉన్నోళ్లు ఏమనుకుంటరు?" అంది. చీటీలో గ్యాసు అనే రాయించింది, నేనూ బుద్ధిలేకుండా రాశాను. హాలు కిక్కిరిసి ఉంది. "మీరు బయట గాలికి కూర్చోండి ఖాలా. మూడోసారి మైకులో పిలుస్తాను కదా, వినపడుతుంది" అని పంపించాను. నేనే పంపించానక్కా.

పదిన్నరకి ఆవిడ ఫైలు పైకొచ్చింది. "ఖైరున్నీసా బేగం" అని పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. మైకు దగ్గరికి లాక్కుని బొత్తాం మీద వేలు పెట్టాను. బఠానీల గిన్నెలో ఆగిన చెయ్యి కళ్లముందు కనపడింది. నాకు నోరు పెగల్లేదు. డిగ్రీ చదివినదాన్ని, పొద్దుగూకులూ పేర్లు పిలవడమే పనిగా ఉన్నదాన్ని! టీ తాగడానికి వెళ్లుంటుంది, తనే వస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫైలు పక్కన పెట్టి తర్వాతి పేరు పిలిచాను.

దాని తర్వాతిది. ఆ తర్వాతిది. పిలిచిన ప్రతిసారీ గుమ్మం వైపు చూశాను. వేరేవాళ్ల పేర్లు మూడోసారి మైకులో గొంతెత్తి పిలిచాను, చూడు నా తెలివి. రెండుసార్లు ఖాలా ఫైలు చేతిలోకి తీసుకున్నాను, రెండుసార్లూ పక్కనే పెట్టాను. లేచి వెళ్లి చూద్దామంటే కౌంటరు ముందు జనం. అలా నలభై నిమిషాలు.

అప్పుడు న్యాల్‌కల్ నుంచి వచ్చిన ఒకావిడ జనాన్ని తోసుకుని వచ్చింది. "ఓ మేడం, బైట ముసలామెకు చెమటలు వడ్తున్నయ్. పానం మంచిగ లేదు, జల్దీ రాన్రి!"

పరిగెత్తాను. ఖాలా గోడకి చేరగిలబడి ఉంది. అంత చలిలో బుర్ఖా మెడ దగ్గర తడిసిపోయింది. చీటీ గుప్పిట్లో నలిగిపోయింది. నన్ను చూసి, "మూడోసారి పిలిచినవా బిడ్డా? నాకు ఇనరాలే" అంది.

ఆ మాటకి నేను చచ్చినంత పనైందక్కా.

గుండెపోటే. డాక్టరుగారు ఇంజెక్షన్ ఇచ్చి, ఇంకాస్త ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదని, హైదరాబాద్ పంపించారు. నువ్వు ఫోన్ చేసింది అప్పుడే, అంబులెన్సులో ఉండగా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఉంది, విడిపించుకుని ఎత్తలేకపోయాను. షబానా నేరుగా అక్కడికే వచ్చింది. స్టెంటు వేశారు. రెండు రోజులు ఏ సంగతీ తేల్చి చెప్పలేదు. ఆ రెండు రోజులూ నేను అన్నం ముట్టలేదు.

ఆరో రోజున ఖాలాని ఇంటికి తీసుకొచ్చాం. మా డాక్టరుగారికి అప్పటికే నా తప్పు చెప్పేశాను. గట్టిగా మందలించి, ఛాతీలో మంట అన్నా సరే ఇకనుంచి వరసలో పెట్టొద్దన్నారు. ఖాలాకి చెప్పడమే కష్టమైంది. నిన్న పొద్దున చాయ్ ఇస్తూ, మైకు బొత్తాం సంగతీ నలభై నిమిషాల సంగతీ మొత్తం చెప్పేశాను. షబానా నన్ను చూసిన చూపు రాయలేను. "నా తల్లిని సీరియల్ చూసి చంపుతుంటివా?" అంది. నిజమే కదా!

ఖాలా కూతురి వైపు చెయ్యెత్తి ఆగమంది. నాతో, "గాడు టీవీల పిలుస్తడు. నువ్వు మనిషివి గదనే పిచ్చిదానా. నేను గా మైకు కోసమే చెవులు వెట్టుకోని కూసున్న" అంది. కప్పు పట్టుకుని నిటారుగా కూర్చుంది. "గిప్పుడు పిలువు. పూరా పేరు. మూడుసార్లు."

"వద్దు ఖాలా" అన్నాను.

"పిలువు అంటున్న."

"ఖైరున్నీసా బేగం."

"ఉన్న."

"ఖైరున్నీసా బేగం."

"ఉన్న."

మందుల డబ్బా పట్టుకుని షబానా గుమ్మంలో నిలబడిపోయింది. కళ్లు మూసుకుని పిలిచాను. చప్పుడు లేదు. అక్కా, ఆ ఒక్క క్షణం ఎంతసేపుందో!

"ఉన్న బిడ్డా, ఈడనే ఉన్న. చాయ్ మింగనియ్యవా?" అంది ఖాలా.

నేను ఏడుస్తూ నవ్వాను. షబానా ఇంకా ముభావంగానే ఉంది, ఉండనీ. రేపటినుంచి మళ్లీ డ్యూటీ. సీరియల్ చూడొద్దని షబానా, చివరిదాకా చూడాల్సిందేనని ఖాలా, ఇద్దరికీ పొద్దున్నుంచీ అదే గొడవ.

మాగాయ ఉంటే చిన్న సీసాడు పంపు. ఖాలాని ఉప్పు తగ్గించమన్నారు కాబట్టి నా ఒక్కదానికే చాలు. నా బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను. మీ అత్తగారి కాళ్లకి నా తరఫున నువ్వే దణ్ణం పెట్టు, నొప్పి లేనివైపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నీ దీవెన నాకు కావాలి.

ఈసారి ఫోన్ చేసినప్పుడు రెండుసార్లకీ ఎత్తకపోతే అలగకు. మూడోసారి చెయ్యి అక్కా.

నీ చెల్లెలు,
లక్ష్మి