నా కొలతల్లో త్యాగవర్మ కవచం

సెప్టెంబర్ 7, ఆదివారం. ఉదయం 9:10

నిర్ణయం జరిగిపోయింది! కవచం నేనే చేస్తాను. నా చేతులతో. ఎవరి సాయం లేకుండా.

కారణం రాసి పెట్టుకోవాలి, రేపు నీరసం వస్తే చదువుకోవడానికి. తూంకుంటలో ఈ కాలనీకి వచ్చి పదకొండేళ్లు. దసరా నాటకంలో పదకొండేళ్లూ నేను ద్వారపాలకుణ్ణే. ఒకే డైలాగు: "ప్రభువులకు జయము." ఈసారి శోభారాణి టీచర్ గారు సొంతంగా రాసిన నాటకంలో నాకు రాజు వేషం ఇచ్చారు. త్యాగవర్మ మహారాజు! ఎవరేం అడిగినా ఇచ్చేస్తాడు. చివర్లో బిచ్చగాడిలా వచ్చిన శత్రువుకి ఒంటి మీది కవచం కూడా విప్పి ఇస్తాడు.

చిక్కేమిటంటే, అద్దెకు తెచ్చిన కవచం నా నడుముకి రెండు వైపులా జానెడు తక్కువైంది.

"ఇరవై ఎనిమిదో తారీకుకల్లా కవచం జూపియ్యుండ్రి జోగారావు గారూ. లేకుంటే రాజు యేషం ఫణిభూషణ్‌కి ఇస్త," అన్నారు టీచర్ గారు.

ఫణిభూషణ్ అంటే బిచ్చగాడి వేషం వేసే ఆయన. అద్దె కవచం ఆయనకి అతికినట్టు సరిపోయింది. నవ్వాడు కూడా.

11:40. వీడియోలు ఎనిమిది చూశాను. చాలా తేలిక! ముందు అచ్చు, తర్వాత పోత. అంతే!

సెప్టెంబర్ 9, మంగళవారం

అచ్చు దేనితో తీయాలి?

మట్టి: షామీర్‌పేట చెరువు నుంచి తెచ్చాను. అందులో పీత ఉంది. మళ్లీ చెరువుకే ఇచ్చేశాను.

సిలికాన్ రబ్బరు: అన్నిటికంటే శ్రేష్ఠమట. "మన అట్లకాడ దాంతో చేసిందే కదండీ," అంది నా భార్య నాగమణి. రాజు కవచానికి అట్లకాడతో చుట్టరికమా? కొట్టేశాను.

ప్లాస్టర్ పట్టీ: చెయ్యి విరిగితే డాక్టర్లు కట్టేది. తడపడం, పరచడం. ఇదే!

సెప్టెంబర్ 14, ఆదివారం

10:00. నా ఛాతీ, పొట్ట మీద నాగమణి పట్టీలు పరిచింది. ఇది సాయం కిందికి రాదు. నా చేతులు పైకెత్తి ఉంచాలి కదా! ముందు ఒంటికి వాజెలిన్ దట్టంగా రాయాలని వీడియోలో చెప్పారు. కొబ్బరినూనె చాలన్నాను.

10:25. వేడెక్కుతోంది. హాయిగా ఉంది.

10:40. ఊడటం లేదు.

10:55. ఊడింది!!! ఛాతీ మీది వెంట్రుకలన్నీ దాంతోనే వెళ్లాయి.

11:30. ఏడుపు తగ్గాక అచ్చు చూశాను. అద్భుతం. బొడ్డుతో సహా దిగింది.

"అన్నీ దానం చేసిన రాజు కదండీ, అన్నం ఒక్కటీ దాచుకున్నట్టున్నాడు," అంది నాగమణి.

సెప్టెంబర్ 19, శుక్రవారం

ఆఫీసుకి జ్వరమని చెప్పాను. ఈరోజు పోత! రెసిన్ అనే చిక్కటి ద్రవం, అది గట్టిపడటానికి ఓ మందు. రెండూ కలిపాక ఇరవై నిమిషాల్లో వాడేయాలని డబ్బా మీదే ఉంది.

10:22. బకెట్‌లో కలిపేశాను.

10:24. వంటింట్లోంచి నాగమణి: "ఏమండీ, పదిన్నరకి రాహుకాలం!"

ఆరు నిమిషాల్లో పోయడం పూర్తవదు. సగం మంచి ఘడియలో, సగం రాహుకాలంలో పోస్తే ఏ సగం నిలుస్తుంది? క్యాలెండర్ చూశాను. ఆవిడ చెప్పింది నిజమే. పన్నెండు దాకా ఆగుదామని ఇద్దరం ఏకగ్రీవంగా తీర్మానించి ఉప్మా తిన్నాం.

11:05. బకెట్‌లోంచి పొగ.

12:01. మంచి ఘడియ. బకెట్ బోర్లించాను. ఏమీ పడలేదు. మొత్తం ఒకే రాయి. మధ్యలో మా అప్పడాల కర్ర నిటారుగా నిలబడి ఉంది.

సెప్టెంబర్ 20, శనివారం

రెసిన్ వాసన ఊపిరితిత్తులకి మంచిది కాదు. అందుకే మానేశాను. భయపడి కాదు.

కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి చేద్దామంది నాగమణి. వాళ్లమ్మ చేటలకి అదే పూసేదట. రాజు దగ్గర మెంతుల వాసన వస్తే సామంతులు కప్పం కడతారా?

సెప్టెంబర్ 24, బుధవారం

ఇంకా నాలుగు రోజులే. కరీంనగర్ రోడ్డు పక్కన వినాయక విగ్రహాలు చేసే గౌరయ్య షెడ్డుకి వెళ్లాను. ఊరికే, సలహా కోసం. పండగ అయిపోయింది కాబట్టి ఖాళీగా ఉన్నాడు. నా అచ్చు తిప్పి తిప్పి చూశాడు.

"వినాయకుని బొజ్జ అచ్చు ఏడ దెచ్చిన్రు సార్? మస్తుగ కుదిరింది. మా తాన గిసొంటిది లేదు."

నాదేనని చెప్పాను. దణ్ణం పెట్టబోయిన చేతులు మధ్యలో ఆపేశాడు.

"పీఓపీల కొబ్బరి పీసు కలిపి పోస్త సార్. రెండు దినాలల్ల తీస్కపోండ్రి. పరేషాన్ గాకుండ్రి."

ఒప్పుకున్నాను. బకెట్ నేనే పట్టుకున్నాను. కాబట్టి నా చేతులతో చేసినట్టే.

సెప్టెంబర్ 28, ఆదివారం

కవచం!!! బంగారు రంగు నేనే వేశాను, మూడు పూతలు. పద్నాలుగు కిలోలు. తొడుక్కుంటే వంగలేను, కూర్చోలేను. రాజు ఎవరికి వంగుతాడు?

"ఇగ రాజంటే మీరే సార్," అన్నారు టీచర్ గారు. ఫణిభూషణ్ నవ్వలేదు.

ఇంటికొచ్చాక ఎవరూ చూడకుండా దాన్ని ముద్దు పెట్టుకున్నాను. పదకొండేళ్లలో ఇంత సంతోషం ఎరగను.

అక్టోబర్ 1, బుధవారం

రిహార్సల్. దుమ్ము పడుతుందని కవచం తీసుకెళ్లలేదు, బదులు అట్టముక్క ఇచ్చాను. ఫణిభూషణ్ దాన్ని ఒంటి చేత్తో అందుకుని కుర్చీలోకి విసిరాడు.

విసిరాడు!

అక్టోబర్ 5, ఆదివారం. ఉదయం 9:00

నిన్నటి నాటకం సంగతి రాయక తప్పదు.

కాలనీ అంతా వచ్చింది. ఆవునిచ్చాను. కిరీటమిచ్చాను. రాజ్యమిచ్చాను. చప్పట్లు! అప్పుడు ఫణిభూషణ్ చెయ్యి చాచాడు. "మహారాజా, నీ కవచం." ఒక్క చెయ్యి!

బెల్టులు విప్పాను. "రెండు చేతులూ పెట్టండి," అన్నాను. అది నాటకంలో లేదు. పెట్టాడు. "కింద నుంచి పట్టుకోవాలి." పట్టుకున్నాడు. "ఉంగరం తీసేయండి, గీత పడుతుంది." జనం నవ్వుతున్నారు. తీశాడు. ఇక వదలాలి. నా చేతులు వదల్లేదు.

"ఇవ్వను," అన్నాను.

తెర పక్కనుంచి టీచర్ గారు: "ఇయ్యుండ్రి సార్! మీరియ్యకుంటే నాటకం ఎట్ల అయిపోతది?"

"ఇంకేదైనా అడగమనండి. ఇంకో ఆవు ఇస్తాను."

ఫణిభూషణ్ లాగాడు. నేను లాగాను. నాదే గెలుపు. కవచం మళ్లీ తొడుక్కుని, స్టేజి మెట్లు దిగి, నడుచుకుంటూ ఇంటికొచ్చేశాను.

పొద్దున్నే టీచర్ గారు వచ్చారు. కాఫీ కూడా ముట్టలేదు.

"ఇరవై ఏండ్లు బడిల నాటకాలేయించిన. దానమియ్యని దాతను ఏడ సూడలే. వచ్చేయేడు మళ్ల గేటు కాడనే నిలవడుండ్రి."

మళ్లీ ద్వారపాలకుడా! బతిమాలాను. నాగమణి కూడా బతిమాలింది. చివరికి మెత్తబడ్డారు.

"స్టేజి మీద కవచం ఇడిసిపెడ్తనని మాటియ్యుండ్రి. గప్పుడు సూద్దాం."

మాటిచ్చాను. ఈ మాట తప్పను.

10:10. కొత్త నిర్ణయం! వచ్చే దసరాకి కవచం నేనే చేస్తాను. నా చేతులతో. ఎవరి సాయం లేకుండా. ఈసారి సిలికాన్ అచ్చు, ఎన్నిసార్లు పోసినా చెక్కుచెదరదట. రెండు పోస్తాను.

ఒకటి దానానికి. ఒకటి నాకు.