ఒట్టు తప్పని సముద్రం

సిరిసిల్ల,
18-4-2012.

చిరంజీవి హేమలతకు,

అమ్మ మనసారా దీవించి రాయునది. ఇక్కడ మేము ముగ్గురం వేళకు తింటున్నాం, ఎవరి పని వాళ్ళం చేసుకుంటున్నాం, ఆ మేరకు క్షేమమే. నువ్వూ, అల్లుడు సాంబశివరావూ, నీ కడుపులోని పాపా చల్లగా ఉన్నారని తలుస్తాను.

ముందుగా ఒక మాట. మే నెలలో బొంబాయికి రైలు టికెట్లు తీస్తానని రాశావు. తీయకు. ఇప్పటికే తీసి ఉంటే ఈ ఉత్తరం చదవగానే అల్లుణ్ణి పంపి రద్దు చేయించు. ఏడో నెలలో, వాచిన కాళ్ళతో, బీపీతో అంతసేపు రైల్లో కూర్చోవద్దని నీ డాక్టరమ్మ చెప్పింది కదా. కిందటిసారి ఐదో నెలలో కడుపు పోయిన సంగతి నువ్వూ మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు. "బాపును చూడటానికే కదా అమ్మా, ఏమీ కాదు" అంటావని తెలుసు. ఆ సంగతే నీకు చెప్పాలి. ఫోన్‌లో అయితే నీ గొంతు వినగానే నేను మాట మార్చేస్తాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు ముందు చెప్తాను. గుండెల్లో మంటకు రాత్రిపూట పుల్లటి పెరుగు మానెయ్యి, పలుచటి మజ్జిగ తాగు. నిద్రపట్టకపోతే ఎడమ పక్కకు తిరిగి పడుకో. తమ్ముడు సాయినాథ్ పరీక్షలు కిందటేడు సకల జనుల సమ్మె వల్ల వెనక్కి పోయాయి కదా, ఇప్పుడు రాస్తున్నాడు. మగ్గాలు కరెంటు ఉన్నంతసేపు నడుస్తున్నాయి, లేనప్పుడు అందరూ చెట్టు నీడకు పోయి రాజకీయాలు మాట్లాడుతున్నారు. జగిత్యాల చిన్నమ్మకు మోకాళ్ళ నొప్పులు, కోరుట్ల నుంచి ఎవరో పసరు తెచ్చి ఇచ్చారట, తగ్గినట్టే అంటోంది. నీ ఉత్తరం ఎప్పటిలాగే పక్కింటి రాజవ్వ పేరు మీద వచ్చింది. ఆమె దాన్ని కొంగులో దాచుకుని తెచ్చి, "ఇగో వదినె, నీ సముద్రమచ్చింది" అని ఇచ్చింది.

"వేసవిలో ఏ సముద్రానికి పోవాలో నువ్వే తేల్చు, నీకైతే అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి" అని నువ్వు రెండు నెలల కింద రాసినప్పుడు నవ్వొచ్చింది. సముద్రాన్ని టీవీలో తప్ప చూడనిదాన్ని నేను. కాని నువ్వు రాసిన ఇంకో మాట నాకు బాగా నచ్చింది. "మా ఇంటికి బాపు రాడు. మీ ఇంటికి నన్ను రావద్దన్నాడు. సముద్రం ఎవరి గడపా కాదు కదమ్మా, అక్కడ నిలబడితే మమ్మల్ని ఎవరు ఏమంటారు?" అన్నావు. ఆ మాట పట్టుకునే నేను నిజంగానే సముద్రాలు వెతకడం మొదలుపెట్టాను.

నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ బాపట్ల అబ్బాయిని చేసుకుని అక్కడికే కాపురానికి పోయిననాడు మీ బాపు "గడప తొక్కొద్దు" అన్నాడు. ఆ తర్వాత ఆరు నెలలకు ఉద్యమం లేచింది. కొండగట్టు అంజన్న ముందు నిలబడి, తెలంగాణ వచ్చేదాకా ఆంధ్ర గడ్డ మీద కాలు పెట్టనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. బాధపడాల్సింది పోయి, ఆ రోజు నా ప్రాణం కుదుటపడింది. ఎందుకంటే కోపానికి గడువు లేదు, ఒట్టుకు గడువుంది. రాష్ట్రం వస్తే ఒట్టు తీరుతుంది. ఒట్టు తీరితే నిన్ను చూడటానికి పోతాడు. నేను ఇంతే సూటిగా ఆలోచించాను.

రోడ్డు మీద వంటావార్పు పెట్టినప్పుడు నేనూ పోయి అన్నం వార్చాను. అందరికంటే గట్టిగా జై కొట్టాను. రాజవ్వ నా మొహం చూసి, "మేమైతే పోరలకు నౌకర్లు కావాలని కూసున్నం. నీకేం కావాల్నే వదినె, గింత గొంతు చించుకుంటున్నవ్?" అంది. "నాకు నా బిడ్డ కావాలె" అన్నాను. అక్కడున్న ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత నవ్వడం ఆపేశారు.

ఇక సముద్రాల సంగతి. మొదట విశాఖపట్నం అనుకున్నాం, అది కుదరదని మనకే తెలుసు. పూరీ అయితే వేరే రాష్ట్రం, జగన్నాథుడూ ఉన్నాడు, మీ బాపును ఒప్పించడం తేలిక. కాని రైలు బెజవాడ మీదుగానే పోతుంది. మద్రాసుకూ అంతే. నాగపూర్ మీదుగా చుట్టూ తిరిగి పూరీ పోవచ్చని సాయినాథ్ అన్నాడు గానీ, అన్ని రైళ్ళు మారడం ఎవరివల్ల అవుతుంది? రైల్లో కూర్చుని దాటిపోతే కాలు పెట్టినట్టా కాదా అని మగ్గాలు బాగుచేసే రాజనర్సును అడిగాను. ఆయన కూడా ఆ రోజు కొండగట్టుకు వచ్చినవాడే.

"కిందికి దిగకుంటే తప్పు లేదు వదినె" అన్నాడు. మళ్ళీ ఆలోచించి, "కని బెజవాడల చాయ్ తాగుతడు అన్న. తాగకుంట ఉంటడా? తాగితే ఒట్టు పాయె" అన్నాడు.

"చాయ్ కిటికీలకెల్లి ఇస్తరు గదనే, దిగుడెందుకు?" అని రాజవ్వ వాదించింది.

"నీళ్ళు గక్కడియే గదా అవ్వా!"

ఇట్లా గంటసేపు పోట్లాడుకున్నారు, నువ్వుంటే పొట్ట పట్టుకుని నవ్వేదానివి. గోవా రైలు కర్నూలు మీదుగా పోతుందని తెలిసి అదీ కొట్టేశాం. చివరికి మిగిలింది బొంబాయి. ఇక్కడి నుంచి బొంబాయి పక్కనున్న భివండికి నేరుగా బస్సుంది, అక్కడ మీ పెదబాపు ఇల్లుంది. ఆంధ్ర గాలి కూడా తగలకుండా సముద్రం దాకా పోవచ్చు. నీడ ఎక్కడ ఉంటుంది, ఆడవాళ్ళు తడిబట్టలు మార్చుకునే చోటుందా, దగ్గర్లో ఆసుపత్రి ఉందా అన్నీ మీ పెద్దమ్మను అడిగి తెలుసుకున్నాను. మే మొదటి వారంలో పొద్దున్నే వెళ్ళి ఎండ ఎక్కకముందే తిరిగి రావాలని కూడా అనుకున్నాను. మీ బాపుతో, "హేమ కూడ అక్కడికస్తది" అని చెప్పేశాను. ఆయన అన్నం ముద్ద కలుపుతూ, "సూద్దాం" అన్నాడు. వద్దనలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఇన్ని రోజులు బతికాను. నీకూ రాశాను. అది చూసే నువ్వు టికెట్ల దాకా వెళ్ళావు.

కిందటి వారం సోమవారం నాడు చీరాల నుంచి ఒక వ్యాపారి గుమస్తా వచ్చాడు. మనం నేసే లంగా బట్ట వాళ్ళు కొంటారట, గుడ్డ చూసుకుని పోవడానికి వచ్చాడు. మీ బాపు షెడ్డులో ఉంటే ఇంట్లో అన్నానికి కూర్చోబెట్టాను. మంచి మనిషి, మాటకారి. పప్పు వడ్డిస్తుంటే, "చంద్రమౌళిగారు మా ఊరొచ్చినప్పుడు ఏమీ తినరమ్మా, మొహమాటం. మాఘమాసంలో వచ్చినప్పుడు ఓడరేవు తీసుకెళ్ళాను, సముద్రం చూపిద్దామని. అక్కడ మాత్రం చిన్నపిల్లాడైపోయారనుకోండి. చెప్పులిప్పి మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగి అట్టా నిలబడిపోయారు. పిలిస్తే పలకరే!" అన్నాడు.

నేను పొరపాటు పడ్డాననుకుని, "ఎవరు?" అని అడిగాను.

"మీవారేనమ్మా. మా ఊరికి రెండుసార్లొచ్చారుగా!" అన్నాడు.

ఆ రెండుసార్లూ ఆయన షోలాపూర్ పోతున్నానని చెప్పి పోయాడు. నేనే రొట్టెలు కట్టిచ్చాను.

ఆ గుమస్తా ఇంకా చెప్పుకుపోతున్నాడు. "ఇదేం చూశారండీ, పక్కనే బాపట్ల, సూర్యలంక ఇంకా బావుంటుంది, అరగంటలో వెళ్ళొద్దామన్నానమ్మా. వద్దన్నారు. అక్కడ తనకెవరూ లేరన్నారు. ఎవరూ లేకపోతే సముద్రం చూడకూడదాండీ అని నవ్వాను కూడా."

ఆయనకు పెరుగు వేసి, ఆకు తీసి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళిచ్చాను. అవన్నీ చేశానని తర్వాత గిన్నెలు చూసి తెలుసుకున్నాను.

బాపు పాదాల పగుళ్ళకు ఉప్పునీళ్ళు మండుతాయేమో, కొబ్బరినూనె తెస్తాను అని నువ్వు కిందటి ఉత్తరంలో రాశావు. మండినట్టు లేదమ్మా. చాలాసేపు నిలబడ్డాడట.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడు షెడ్డులోకి పోయాను. పనివాళ్ళు బయటికి పోయారు. ఆయన ఒక్కడే నూలు కండెలు సర్దుతున్నాడు.

"చీరాలకు పోయినవట" అన్నాను.

తలెత్తలేదు. "ఆర్డర్ కోసం పోయిన. నువ్వు కూడ తింటున్నవ్ గదా గా ఆర్డర్ మీద?"

"అంజన్న ముందర ఒట్టు పెట్టుకుంటివి."

"యాపారానికి పోతే దోషం లేదన్నడు పూజారి. కొబ్బరికాయ కొట్టి మొక్కుకొనే పోయిన."

"బిడ్డను చూసెటందుకు కొట్టనీకి ఇంకో కొబ్బరికాయ దొరకలేదా?"

చేతిలో కండెను పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు. నీకు ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను, ఎందుకంటే మార్చి రాస్తే నువ్వు మళ్ళీ ఏదో ఒక సముద్రం వెతుకుతావు.

"నీలా, నలుగురు అడుగుతరు. బిడ్డ ఇంటికి ఎందుకు పోతలేవ్ అని అడుగుతరు. చెప్పుకోనీకి ఓ మాట ఉండాలె గదా. గందుకే పెట్టుకున్న ఒట్టు."

"రేపు తెలంగాణ వస్తే?"

"వస్తే రానీ. గప్పుడు సుత పోను."

కోపంగా అంటే నేను తట్టుకునేదాన్ని. రేపు వాన పడదు అన్నట్టు అన్నాడు. "మరి సముద్రంల అంతసేపు నిలబడి ఏం చూసినవ్?" అని అడిగాను. "ఏం జూస్తరు? నీళ్ళు" అన్నాడు. అంతలో కరెంటు వచ్చింది. అన్ని మగ్గాలూ ఒక్కసారే మొదలయ్యాయి. ఆయన నోరు కదిలినట్టే అనిపించింది. ఏమన్నా అన్నాడో, ఊరికే గుటక మింగాడో నాకు తెలియదు. మళ్ళీ అడగలేదు.

హేమా, నీకిది చెప్పకూడదని వారం రోజులు అనుకున్నాను. ఏదో వంక చెప్పి బొంబాయి ప్రయాణం ఆపేద్దామనుకున్నాను. కాని ఒక వంక చెప్తే ఇంకో ఊరు పేరు రాస్తావు. నీ సంగతి నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ అంతే. దారి లేదన్నకొద్దీ దారి కోసమే తిరుగుతావు. ఈ ఒంటితో తిరగకు. నువ్వు ఎంత దూరం వచ్చినా ఆయన ఇటువైపు నుంచి రాడు. అరగంట దూరంలో ఉండి రానివాడు భివండి నుంచి బొంబాయికి వస్తాడా? వచ్చి నీ తల మీద చెయ్యి పెడతాడని నేనే నీకు ఆశ పెట్టాను. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. ఇన్నేళ్ళు కలిసి ఉన్నాక ఇట్లా రాయాల్సి వస్తుందనుకోలేదు.

నేను వస్తున్నాను. ఒక్కదాన్నే. సాయినాథ్ పరీక్షలు కాగానే వరంగల్‌లో రైలెక్కిస్తాడు, అల్లుణ్ణి బాపట్ల స్టేషన్‌లో నిలబడమను. నీ చేతులకు ఏడో నెల గాజులు నేను తొడుగుతాను, పురుడూ నేను పోస్తాను. పుట్టింట్లో జరగాల్సినవి నీ ఇంట్లో జరుగుతాయి, అంతే తేడా. మీ బాపుకు చెప్పాను. "ఎన్నొద్దులుంటవ్?" అన్నాడు. పురుడయ్యి నువ్వు కోలుకునేదాకా అన్నాను. "మరి వంటెవలు జేస్తరు?" అన్నాడు. వేరే మాటేదైనా వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. రాలేదు. తమ్ముడికి అన్నం వండటం నేర్పిస్తున్నాను.

నేను వచ్చాక నువ్వు ఊరుకోవు. ఇంత దూరం వచ్చావు, సూర్యలంక పక్కనే, ఆటోలో సాయంత్రం పోయి వద్దాం అంటావు. అనకు బిడ్డా. ఒకప్పుడు నాకూ చూడాలని ఉండేది. నువ్వు ఏ సముద్రమని అడిగావు, వెతికి వెతికి నా జవాబు ఇది: ఏదీ వద్దు. ఓడరేవు నీళ్ళూ సూర్యలంక నీళ్ళూ ఒకటేనట కదా. నువ్వు కడుపుతో ఉన్నావని తెలిసి కూడా ఆయన ఆ నీళ్ళలోంచి బయటికొచ్చి, చెప్పులేసుకుని, ఇటు తిరిగి వచ్చేశాడు. వాటిని నేను ఇప్పుడు చూడలేను.

ఇది చదివి ఒక్కదానివే ఏడవకు, బీపీ పెరుగుతుంది. నేను వచ్చేదాకా ఆగు.

ఇట్లు,
నీ దగ్గరికి బయలుదేరుతున్న
అమ్మ,
నీల