బొట్టు పెట్టిన కన్ను

ఏవండీ,

మీరు పోయాక ఇది మొదటి దసరా. స్టీలు ప్లాంటు ఇంకా కడుతూనే ఉన్నారు. దువ్వాడ షెడ్డులో రేకులు నొక్కే మిషనుకి మీరు పెట్టిన కన్ను ఉంది కదా, చెయ్యి దగ్గరికొస్తే చూసి, గంట కొట్టి మిషను ఆపేసేది, మీ పేరున పేటెంటు వచ్చినది. పండగ మర్నాడు షెడ్డులో మీతో పనిచేసిన అప్పారావు దాన్ని గోనెసంచిలో తెచ్చి గుమ్మంలో దింపాడు.

"అన్నయ్య కన్ను పన్సెయ్యనేదు వదినా. పొద్దున మిషను కింద పడి రాముడి కుడిసెయ్యి పోనాది. ఓనరు దీన్ని పీకి పారీమన్నాడు."

సంచి విప్పితే కంటి అద్దం నిండా ఎండిన గంధం, దాని మీద కుంకుమ. ఆయుధపూజకి ఏటేటా మీరు పక్కన నిలబడి మరీ బొట్టు అద్దం మీద పడకుండా కింద పెట్టించేవారు.

"ఈ బొట్టు ఎవరు పెట్టారు?"

"రాముడే వదినా. అన్నయ్య గుర్తని పెద్దది ఎట్టినాడు."

అతను వెళ్ళాక చెంగు తడిపి తుడిచాను. కరెంటు పెట్టి అద్దం ముందు చెయ్యి చాపాను. గంట మోగింది.

మీరు పెట్టిన కంటిలో ఏ లోపమూ లేదండీ. ఆ మాట చెప్పకపోతే మీ పేరు పోతుంది. చెబితే, ఆ చేత్తో పెట్టిన బొట్టే ఆ చెయ్యి తీసిందని రాముడికి తెలుస్తుంది.

కరెంటు తీసేసి, దాన్ని మళ్ళీ సంచిలో పెట్టి మూతి కట్టేశాను.