సూర్యలంక ఒడ్డున తారు

అన్నయ్యా,

ఏడాది తర్వాత ఇవాళ సూర్యలంక వెళ్ళాను. ఒడ్డంతా తారు ముద్దలు. ఏదో ఓడ మురికి నూనెను సముద్రంలోకి వదిలేసిందట. సెలవులకొస్తే నిన్ను పడవెక్కించుకునే పోలయ్య బాబాయ్, వలను కిరసనాయిలుతో తుడుస్తున్నాడు.

ఓడ ఇంజన్ గదిలో పనిచేసినన్నాళ్ళూ నువ్వు అలాంటి మురికి నూనెను పీపాల్లో నింపి రేవుదాకా దాచేవాడివి. "సముద్రంలో పారబొయ్యి" అని పైవాళ్ళు కేకలేస్తే, "మావాళ్ళు వలలేసే సముద్రమండి" అన్నావట. ఆ మాటకే నిన్ను ఓడ నుంచి దించేశారు. ఆ సంగతి కూడా నవ్వుతూనే చెప్పావు. ఎంత మొండివాడివి!

బాబాయ్ తలెత్తి, "మీ అన్నకో ఉత్తరం ముక్క రాయమ్మా. ఆ ఓడోళ్ళకి గట్టిగా చెప్తాడు" అన్నాడు.

నువ్వు పోయావని ఆయనకింకా తెలియదు. నాకు చెప్పబుద్ధి కాలేదు. రాస్తానన్నాను. రాశాను.

నీ చెల్లెలు