సుగుణ చేతికి సూది

1978 జూన్ 12, నందిగామ
మెడికల్ కాలేజీ నుంచి మా ఆసుపత్రికి కొత్త హౌస్ సర్జన్లు వచ్చారు. ఇద్దరు మగపిల్లలు, ఒక అమ్మాయి. అమ్మాయి పేరు సుగుణ, మన వీరులపాడు పిల్లే. తండ్రి మిషన్ బడిలో పంతులు. సర్జరీ చదవాలట. "ఆ మాటంటే అందరూ నవ్వుతున్నారు మేడమ్" అంది. నేను నవ్వలేదు.

జూన్ 14
మగపిల్లలిద్దరికీ బజారులో గది దొరికింది. సుగుణకు దొరకలేదు. ఇంటాయన ముందు ఊరు అడిగాడట, తర్వాత ఏ పేట అని అడిగాడట, ఆ తర్వాత గది ఖాళీ లేదన్నాడట. పెట్టె నా క్వార్టర్స్‌కే తెప్పించాను. "మీకు ఇబ్బందేమోనండీ..." గుమ్మంలోనే నిలబడి ఉంది. ముందు లోపలికి రా అన్నాను.

జూన్ 30
ఈ పిల్ల కుట్లు వేస్తుంటే చూశాను. తొందర లేదు, తడబాటు లేదు. బాగుందని ఇంకా చెప్పలేదు — చెప్పాలి.

జూలై 9
విరేచనాలతో తెచ్చిన పసిబిడ్డ దక్కలేదు. రాత్రంతా సుగుణే కూర్చుంది. పొద్దున చూస్తే మందుల గది వెనక ఏడుస్తోంది. నన్ను చూసి గబుక్కున లేచింది.
"సారీ మేడమ్. డాక్టరు ఏడవకూడదని మా ప్రొఫెసరుగారు..."
"ఆయనకేం తెలుసు! ఏడువు. తర్వాత కాస్త అన్నం తిని పడుకో. ఓపీ నేను చూస్తా."
రాత్రి డ్యూటీ చేసినవాళ్లు ఇకమీదట పొద్దున ఓపీకి రానక్కర్లేదని చెప్పేశాను. మగపిల్లలు నమ్మలేక మళ్లీ అడిగారు.

జూలై 27
వత్సవాయి నుంచి ట్రాక్టరు మీద ఒక రైతును తెచ్చారు. ఎద్దు పొడిచింది, పేగు బయటికి వచ్చింది. బెజవాడ దాకా ప్రాణం ఆగదు. మత్తు ఇవ్వడానికి జగ్గయ్యపేట డాక్టరుగారు జీపులో వచ్చారు. సుగుణ చేతులు కడుక్కుంటోంది. ఆమె ఎవరి పిల్లో రైతు వాళ్లన్న అప్పటికే ఆరా తీశాడు.
"పెద్ద డాక్టరమ్మగారూ, మీరొక్కరే చెయ్యండి. ఆ పిల్ల చెయ్యి పడితే మావాళ్లు ఒప్పుకోరండి."
"ఒక్కదాన్ని చెయ్యలేను. మీ తమ్ముడు కావాలా, మీవాళ్ల ఒప్పుకోలు కావాలా?"
పక్కకు తప్పుకున్నాడు.
పేగు ఒకచోట చిరిగింది. సూది సుగుణ చేతికిచ్చాను. "నేనా మేడమ్?" నువ్వే. పేగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. నా కుట్టుకంటే నీటుగా పడింది... నవ్వు ఆగలేదు నాకు. మాస్కు ఉంది కాబట్టి సరిపోయింది.

ఆగస్టు 6
రైతు నడిచి ఇంటికి వెళ్లాడు. అన్న నాకు దండం పెట్టి, సుగుణ వైపు తిరిగి — "వెళ్లొస్తామండీ, డాక్టరుగారూ."
అండీ అన్నాడు!

1979 సెప్టెంబరు 3
పీజీ సర్జరీ ఇంటర్వ్యూ నుంచి సుగుణ తిన్నగా బస్సెక్కి ఇక్కడికే వచ్చింది. "ఆడపిల్లవి, గైనిక్ తీసుకో" అన్నారట. "పేగు కుట్టాను సార్" అన్నదట. ఎవరు కుట్టనిచ్చారని అడిగారట.
"మీ పేరు చెప్పా మేడమ్. తప్పా?"
నేనూ ఒకప్పుడు ఆ గదిలో సర్జరీయే అడిగాను. నాకూ అదే మాట చెప్పారు. గైనిక్ తీసుకున్నాను.
తప్పు కాదే, తల్లీ.
ఫలితం ఎప్పుడో చెప్పలేదట. ఎదురుచూస్తున్నాం. ఆ పిల్లకంటే నాకే ఎక్కువ ఆదుర్దా — ఆ సీటు నాకే రావాలన్నట్టు.