ఇయర్‌ఫోను తీసి విన్న పాట

తామ్వే,
శనివారం

శ్రీవారికి,

ఫోనులో మీ గొంతు వింటే నా కోపం నిలవదు. అడగదలచింది అడగకుండా, అన్నం తిన్నారా అని మాత్రం అడిగి పెట్టేస్తాను. అందుకే ఇన్నాళ్లకు కలం పట్టాను. మీ తమ్ముడు నాగేంద్ర తన బస్సు తోలుకుని మౌల్మెయిన్ వస్తున్నాడు కనుక ఇది అతని చేతికిస్తున్నాను.

ఆ ఊరి ధర్మశాలలో మైకులు బిగించడానికి వెళ్తూ నేను సర్దిన రాములవారి పటం మరిచిపోయారు, శాలువా మరిచిపోయారు. వాటి కోసం ఫోను చేయలేదు. జపాను కేసెట్టు మరిచిపోయానని మాత్రం వెళ్లిన మర్నాడే చేశారు. అది మీ ‘ఖిన్ ఏ’ నడిపే టీకొట్టులో వినిపించాలట.

ఆవిడ లత అనే పేటలో మీ చిన్ననాటి నేస్తమని, ఓడ మీద పనిచేసే వాళ్ల నాన్న ఆ కేసెట్టు తెచ్చాడని, మీరిద్దరూ వాళ్ల మేడమెట్ల మీద కూర్చుని వినేవారని పెళ్లయిన కొత్తలోనే చెప్పారు. కాని ఆవిడ ఇప్పుడు మౌల్మెయిన్‌లోనే ఉందని ముందు చెప్పలేదు. ఏభై దాటిన ఆడమనిషిని ఈ బర్మాలో అందరూ ‘డా’ అంటారు. మీరు ఫోనులో, పడుచుపిల్లల పేరు ముందు పెట్టే ‘మా’ పెట్టి ‘మా ఖిన్’ అన్నారు.

నా పూజకు అడ్డమని మీరు ఆ పాటలు ఎప్పుడూ ఇయర్‌ఫోను పెట్టుకునే విన్నారు. నేను పాట వినలేదు, మీ ముఖం మాత్రం చూశాను. రెండో వైపు అయిపోవస్తుందనగా, ఎడమ చక్రం మీద టేపు సన్నగా మిగిలినప్పుడు, మీ కళ్లు మూతపడతాయి. నా కోసం ఎన్నడూ అలా మూతపడలేదు.

భజనలో మా పెద్ద తులసమ్మ గారితో పైపైన చెబితే, “ఏటే నరసా, సవితంటే మనిసే అవ్వాలేటి? ఆ టేపుని ఏట్లో పారెయ్యి” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చిమిండైంగ్ రేవు దాకా నాకెలాగూ పని ఉంది. పారేయమంటారా, పంపమంటారా, మీరే చెప్పండి.

మీ
నరసమ్మ

*

మౌల్మెయిన్

నరసకి,

అంత కోపంలోనూ శాలువా మడత నలగకుండా పంపావు. కప్పుకునే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివాక ఆమెను డా ఖిన్ అని పిలిచాను. “ఏం కోటీ, నా తల నెరిసిందని ఇవాళే కనబడిందా?” అంది. ఆమె భర్త ఊ టిన్ పకపకా నవ్వాడు.

ఆ టీకొట్టుకి వచ్చే కాలేజీ పిల్లలు మా జపాను పాటలు ఫోనుల్లో వింటున్నారు నరసా. వాళ్లు పుట్టకముందటి పాటలు. ఎందుకు నచ్చాయని వాళ్లు నన్నే అడిగారు. మా కుర్రతనంలో కరెంటు ఎప్పుడుండేదో ఎప్పుడు పోయేదో తెలియదు. ఆ కేసెట్టు పెడితే రాబోయే కాలం ఇలా ఉంటుందేమో అనిపించేది. ఆ కాలం మనకి రానేలేదు. అందుకే అది పాతబడలేదని చెప్పాను. ఫోనులో మరీ శుభ్రంగా మోగుతోంది, అసలు కేసెట్టు గరగర వినిపిద్దామనే పంపమన్నాను.

పారేస్తానంటే కాదనను. కాని ముందు ఇయర్‌ఫోను తీసేసి, గట్టిగా పెట్టి, రెండో వైపు చివరి పాట విను. నేనెందుకు కళ్లు మూస్తానో నువ్వే చెప్పు.

నీ
కోటిబాబు

*

తామ్వే,
ఏకాదశి

శ్రీవారికి,

విన్నాను.

దీపం పెట్టి, తప్పయితే క్షమించమని రాములవారికి దండం పెట్టుకుని మీట నొక్కాను. మొదట కుట్టుమిషను నడిచినట్టు, రేకుల మీద చినుకులు పడినట్టు యంత్రాలు మోగాయి. తర్వాత ఆ జపాను అమ్మాయి గొంతెత్తింది. నా చేయి దానంతటది తాళం వేసింది. ఆమె ఆగినచోట నా నోరు “రామా” అనేసింది.

అది నేను శనివారం శనివారం మందిరంలో పాడే భజన. పెళ్లయిన ఏడు మీరు మాటలు కట్టి నేర్పింది. బాణీ ఎక్కడిదని నేనడగలేదు. “ఇది మన సికాకోలు బాణీ. మా తాతలు ఓడల మీద ఒట్టుకొచ్చినారు” అని తులసమ్మ గారు కొత్తవాళ్లకి చెబుతుంటే నేనూ తలూపాను. పైదేశం పాటకి బర్మా మాటలు కట్టి పాడడం ఈ ఊళ్లో అందరూ చేసేదే. మన దేవుడికీ అలాంటిదే అందిందని నాకు తోచలేదు.

మొదట ఏడుపొచ్చింది. ఆవిడ మేడమెట్ల మీది పాటను ఇన్నేళ్లు దేవుడి ముందు నాచేత పాడించారనిపించింది. మళ్లీ వేశాను. ఈసారి ఎడమ చక్రాన్నే చూస్తూ కూర్చున్నాను. మీరు కళ్లు మూసేది ఆ అమ్మాయి పాడే చోట కాదు. ఆమె ఊరుకుంటుంది, ఒట్టి యంత్రాలే మోగుతాయి. మన భజనలో అక్కడే కదా అందరూ ఆగితే నేనొక్కదాన్నే పాడేది.

“మీ ఆయన ఎనక వరసలో కూకుని, నువ్వొక్కదానివీ ఎత్తుకునేతలికి కునుకు తీస్తాడే” అని తులసమ్మ గారు ఎప్పుడో ఎగతాళి చేశారు. నేను దేవుడి వైపు తిరిగి పాడతాను. మీ ముఖం ఎలా చూస్తాను?

అయినా నాలో మంట పూర్తిగా చల్లారలేదు. ఆ పాట నాకన్నా ముందు ఆవిడకి తెలుసు, అది మారదు. కనుక కేసెట్టు పంపను. నాగేంద్ర మళ్లీ వచ్చే బస్సులో నేనే తెస్తాను. ఆ టీకొట్టులో అందరి ముందూ వేయండి. అమ్మాయి ఊరుకున్న చోట నేను పాడతాను, మీ వైపు తిరిగి. ఆవిడని కూడా కూర్చుని వినమనండి.

ఈ కాగితాలు దాచండి, ఎవరికీ చూపకండి. తులసమ్మ గారిని అది సికాకోలుదనే అనుకోనివ్వండి. రాములవారికి నేను చెప్పేశాను.

మీ
నరస