ఎడమ పేజీలో నేను

మంగళవారం, సుంగై సిపుట్, మలేసియా

కొట్టు అమ్మేస్తున్నాం. పొద్దున తమ్ముడూ నేనూ పాత పద్దు పుస్తకాలు బయటికి తీశాం. తెల్లదొరల కాలంలో తాత పెట్టిన పద్ధతే నాన్న పోయేదాకా సాగింది. ఎడమ పేజీ ఇంటికి, కుడి పేజీ కొట్టుకి. పనివాళ్ళ జీతాలన్నీ కుడివైపు ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నేను మాత్రం ఎడమవైపు, బియ్యం పప్పుల మధ్య ఉన్నాను. సత్యవతికి చీర. సత్యవతికి కళ్ళజోడు.

నాకూ వాటా కావాలన్నాను.

"నువ్వు కొట్లో పన్జేసినట్టు ఏటుందక్కా? ఇక్కడ సూడు లా, అంతా ఇంటి కర్సే" అన్నాడు తమ్ముడు.

నాన్నను తిట్టుకుందామంటే నోరు రాలేదు. పద్దు రాసే ఓపిక ఆయనకెప్పుడూ లేదు. ఆ కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీలన్నీ రాసింది నేనే.